ఏళ్ల తర్వాత పాత బండి దగ్గరికి వెళ్తే రుచి తేడాగా ఉంది. మారింది బండా, మనమా?

పాతరుచి (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. ఒకప్పుడు దాదాపు రోజూ తిన్న బండి దగ్గరికి చాలా ఏళ్ల తర్వాత మొన్న వెళ్లాను. కిటకిటలాడే మార్కెట్లో అదే మూల, అదే మనిషి. జుట్టు నెరిసింది గానీ చెయ్యి అంతే చురుగ్గా ఆడుతోంది. నన్ను గుర్తుపట్టలేదు, అన్ని వేల మొహాల్లో ఎవరిదని గుర్తుంటుంది! ప్లేటు అందుకుని రెండు ముద్దలు తినేసరికి తేడా తెలిసిపోయింది. బాగోలేదని అనడం లేదు. పక్కన నిలబడ్డవాళ్లు ఇష్టంగానే తింటున్నారు, రెండో ప్లేటు అడిగినవాళ్లూ ఉన్నారు. కానీ ఇన్నేళ్లుగా నాకు నోరూరించిన రుచి అది కాదు.

ఇంటికొచ్చినా అదే ఆలోచన. తేడా వంటలోనే వచ్చిందా, లేక నా జ్ఞాపకమే దాన్ని ఉన్నదానికంటే గొప్పగా దాచుకుందా? తేల్చుకునే దారి ఏమైనా ఉందా? ఇంకోటి, ఆయనతో ఈ మాట అనొచ్చా?

ఊరు, బండి, వంటకం పేర్లు కావాలనే రాయలేదు. మన కబుర్ల వల్ల ఎవరి పొట్టా కొట్టకూడదు. మీరూ పేర్లు లేకుండా చెప్పాలని మనవి.

సందెవేళ

పాతరుచి గారూ, ముందు ఒకటి చెప్పండి. అప్పట్లో ఏ టైంకి వెళ్లేవారు, మొన్న ఏ టైంకి వెళ్లారు? బండి తిండికి వేళ చాలా ముఖ్యం. కొత్త నూనెలో తొలి వాయి ఒక్కోసారి రంగు తక్కువగా, చప్పగా వస్తుంది. నూనె కాస్త వాడకంలో పడ్డాక రంగూ వాసనా కుదురుతాయి. ఇంకా వాడితే చిక్కబడి, తిన్న తర్వాత గొంతులో పట్టేసినట్టు ఉంటుంది. గిరాకీ లేని వేళ వెళ్తే ముందే తీసి పక్కన పెట్టిన వాయిని మళ్లీ ఓసారి నూనెలో ముంచి ఇస్తారు. అది ఎంత మంచి చేతి వంటైనా అప్పుడే దించినదానితో సరితూగదు.

గరిటెచెయ్యి

మాది బండి కుటుంబం. నాన్న తర్వాత కొన్నాళ్లు నేనూ పొయ్యి దగ్గర నిలబడ్డాను కాబట్టి అటువైపు నుంచి చెబుతాను. తినేవాళ్లకి కనపడని మార్పులు చాలా ఉంటాయి. వాటిలో పెద్దది మూకుడు. మందపాటి ఇనప మూకుడు వేడిని పట్టి ఉంచుతుంది. పచ్చి పిండి పడగానే నూనె కాస్త చల్లబడినా వెంటనే కోలుకుంటుంది. పల్చటిదైతే ఆ వేడి ఒక్కసారిగా పడిపోతుంది. పైపొర గట్టిపడటం ఆలస్యమవుతుంది, వేగడానికి ఎక్కువసేపు పడుతుంది, జిడ్డు పట్టేస్తుంది. అదే పిండి, అదే మనిషి, అయినా వేళ్లకి నూనె అంటుకుంటుంది.

ఈసారి వెళ్తే పిండి నూనెలో పడ్డ క్షణం చూడండి. చుట్టూ సన్నటి బుడగలు జోరుగా లేచి, చిటపట ఆగకుండా వినిపిస్తే వేడి సరిగ్గా ఉన్నట్టు. అడుక్కి పోయి కాసేపు కదలకుండా ఉండి, పెద్ద బుడగలు బద్ధకంగా పైకొస్తే వేడి చాలనట్టు. ఆ ఒక్క క్షణం చూస్తే ప్లేటు ఎలా ఉండబోతోందో సగం తెలిసిపోతుంది.

ఆ తర్వాత మసాలా. మా ఇంట్లో దినుసులు దోరగా వేయించి ఏ రోజుకారోజు నూరేవాళ్లం. చేతికింద మనుషులు దొరక్క వారానికోసారి మర పట్టించడం మొదలుపెట్టాం. కొలత మారలేదు, దినుసులు మారలేదు. అయినా పాత గిరాకీదార్లు వెంటనే పట్టేశారు, ఎందుకంటే నూరిన పొడిలో ఘాటైన వాసనలు రోజురోజుకీ ఎగిరిపోతాయి.

ఇక ఉప్పు. దానికి తూకం ఉండదు, గుప్పిట్లో ఉన్న అంచనాయే. నాన్న గల్లాపెట్టె దగ్గర కూర్చుని, ఉప్పు వేసే పని ఇంకొకరికి వెళ్లిన రోజే రుచి మారింది. బోర్డు మీద పేరు అలాగే ఉంటుంది, పిండి కలిపే చెయ్యి ఎవరిదన్నదే అసలు విషయం.

ముక్కుసూటి

పాతరుచి గారి జ్ఞాపకం మీద అనుమానం పెట్టే ముందు నూనె సంగతి చూడాలి. రేట్లు పెరిగినప్పుడు ప్లేటు ధర పెంచితే జనం గొడవ చేస్తారని చాలామంది నూనెలోనే సర్దుకుంటారు. చవక రకానికి మారతారు, లేదా అదే నూనెని రోజులు గడిచేదాకా లాగుతారు. వేడి, గాలి, నీటి తడి తగిలేకొద్దీ నూనె విరిగి, అలా పుట్టే పోలార్ కాంపౌండ్లు అనే పదార్థాలు పెరుగుతాయి. చాలా దేశాల్లో అవి దాదాపు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని నిబంధన ఉంది. మన దగ్గర మీటరు ఉండదు, కళ్లూ ముక్కూ చాలు. ముదురు రంగు ఒక్కదాన్నే నమ్మకండి, మసాలా వల్ల కూడా రంగు వస్తుంది. నురగ పైన నిలిచిపోవడం, మామూలు మంట మీదే పొగ రావడం, గరిటె నుంచి తీగలా జారడం, ఈ మూడూ కలిసి కనిపిస్తే అక్కడ తినకండి. ఎంత పాత స్నేహమైనా సరే.

వాసనలపుస్తకం

ఆహార శాస్త్రం చెప్పడం నా పని కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

నాలుక పట్టుకునేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (మాంసం పులుసులో ఉండేలాంటి రుచి). మనం రుచి అని చెప్పుకునేదాంట్లో మిగతా చాలా భాగం ముక్కు పని. నములుతున్నప్పుడు నోటి వెనకనుంచి ఆవిరి ముక్కులోకి వెళ్తుంది. ముక్కు మూసుకుని ఒక ముద్ద నమలండి, సగంలో ముక్కు వదలండి, తేడా మీకే అర్థమవుతుంది. మనిషి ముక్కులో దాదాపు 400 రకాల వాసన గ్రాహకాలు ఉన్నాయి. ఈ గ్రాహకాల కుటుంబాన్ని కనిపెట్టినందుకే రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్‌లకు 2004లో నోబెల్ వచ్చింది. వాసన కబురు మెదడులో భావోద్వేగాలకు, జ్ఞాపకాలకు సంబంధించిన భాగాలకు చాలా దగ్గరి దారిలో చేరుతుంది. అందుకే ఒక సందులో వచ్చే వాసనకి ఆ కాలమంతా లేచి నిలబడుతుంది.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను. వయసు పెరిగేకొద్దీ, ముఖ్యంగా అరవై దాటాక, వాసన పట్టే శక్తి తగ్గుతుంది. కోవిడ్ తర్వాత కొందరికి వాసనలు తగ్గాయి, కొందరికి వంకరగా తెలియడం మొదలైంది. కారం సంగతి వేరు. అది నోట్లో వేడిని, నొప్పిని పసిగట్టే గ్రాహకం చేసే పని. ఆ గ్రాహకాన్ని పట్టుకున్న డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ ఇచ్చారు. కొన్నేళ్లు కారం తక్కువ తింటే పాత మోతాదే మంటగా అనిపిస్తుంది. కాబట్టి ఒకసారి ఇలా ఆలోచించండి: ఈమధ్య మిగతా వంటలు కూడా చప్పగా, లేదా మరీ ఘాటుగా అనిపిస్తున్నాయా? అన్నీ అలా ఉంటే తేడా మీలో ఉంది. ఆ ఒక్క ప్లేటులోనే ఉంటే ముక్కుసూటి గారి దారిలో వెతకాలి.

పాతరుచి

అందరికీ కృతజ్ఞతలు. అప్పట్లో సాయంత్రం పని ముగించుకుని, కడుపు కాలుతూ వెళ్లేవాణ్ణి. మొన్న భోజనమయ్యాక, మధ్యాహ్నం ఎండలో, బంధువులతో కలిసి వెళ్లాను. ఇంట్లో వంటలు నాకు మామూలుగానే తెలుస్తున్నాయి. జిడ్డు కూడా లేదు. లేనిది ఒక వాసన. దాన్ని ఏమనాలో తెలియడం లేదు, కానీ అది లేదు.

జాలిగుండె

ఆకలి రుచెరగదని ఊరికే అనలేదు పెద్దలు. మీరు తిన్నది భోజనమైన తర్వాత!

దానికి తోడు ఇంకో సంగతి ఉంది. జరిగినదంతా సగటు తీసి మనం గుర్తు పెట్టుకోం. బాగా గట్టిగా తాకిన క్షణం, చివరి క్షణం, ఈ రెండే ఎక్కువగా మిగులుతాయని మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానమన్, ఆయన సహచరులు 1990లలో ప్రయోగాలతో చూపించారు. రోజూ తిన్న ఆ రోజుల్లో కొన్ని ప్లేట్లు మాడి ఉంటాయి, కొన్ని చల్లారి ఉంటాయి. అవేవీ మీకు గుర్తుండవు. వాటన్నిటిలో అన్నీ కుదిరిన ప్లేటు ఏదో ఒకటి మనసులో నిలిచింది. మొన్నటి మామూలు ప్లేటుని దాని పక్కన పెట్టి తూకం వేస్తున్నారు. ఆ తూకంలో ఏ వంటవాడూ నెగ్గలేడు. ఇది బండివాళ్లకి మనం చేసే అన్యాయమని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ముక్కుసూటి

> ఆ తూకంలో ఏ వంటవాడూ నెగ్గలేడు.

మాట బాగుంది, కానీ ఒప్పుకోలేను. రోజూ తిన్న మనిషికి ఆ బండి మామూలు రోజు ఎలా ఉంటుందో కూడా తెలుసు. ఆయన అనేది ఒక వాసన పూర్తిగా లేదని. ‘కొంచెం తగ్గింది’ అంటే జ్ఞాపకం చేసిన పని కావచ్చు. పూర్తిగా లేకపోవడం అంటే ఒక దినుసో, ఒక పనో ఆగిపోయి ఉండాలి.

సందెవేళ

జనం, మోత కూడా లెక్కలోకి తీసుకోవాలి. పెద్ద శబ్దం మధ్య తింటే తీపి, ఉప్పు తక్కువగా తెలుస్తాయనీ, కరకర మాత్రం ఎక్కువగా అనిపిస్తుందనీ 2011లో బ్రిటన్ పరిశోధకులు చూపించారు. మార్కెట్ అప్పటికంటే రద్దీ పెరిగి ఉంటే అదే ఉప్పు తక్కువనిపించొచ్చు. పార్సిల్ తెచ్చుకుని ఇంట్లో తినేవాళ్లకి ఇంకో తంటా. మూత బిగించిన డబ్బాలో ఆవిరి బయటికి పోక పైపొర మెత్తబడిపోతుంది. పార్సిల్ తిని బండి మీద తీర్పు చెప్పేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. తప్పదంటే మూత కాస్త తెరిచి పట్టుకెళ్లండి.

ఇద్దరిఅమ్మ

నాదొక పక్క ప్రశ్న. నా చిన్నప్పటి బండి దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లాలని ఎంతో ఆశగా ఉంది. మా వారు వద్దంటున్నారు, కడుపులు చెడతాయని. మేం తిన్నాం, మాకేం కాలేదు కదా అని నేను. ఎలా తేల్చుకోవాలి?

వాసనలపుస్తకం

ఇద్దరిఅమ్మ గారూ, మీకేం కాలేదన్నది పిల్లలకి హామీ కాదు, మీ వారి భయం అర్థం లేనిదేం కాదు. కలుషితమైన తిండి వల్ల ఏటా దాదాపు 60 కోట్ల మంది జబ్బుపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అంచనా వేసింది. వాళ్లలో ఐదేళ్లలోపు పిల్లలకి ముప్పు ఎక్కువ. అలాగని వెళ్లొద్దని అనను. చూసి వెళ్లండి.

క్రిములు జోరుగా పెరిగేది 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య. అందుకే మీ కళ్లముందు సలసల కాగుతూ దిగింది పిల్లలకి పెట్టండి, ఎప్పుడో వండి గోరువెచ్చగా ఉన్నదాన్ని వదిలేయండి. వండినది బయట రెండు గంటలకి మించి ఉండకూడదు. నిజానికి వేడి వంటకంకంటే దానితో నంజుకునేవే నన్ను ఎక్కువ కంగారు పెడతాయి, ఎందుకంటే అవి పచ్చివి, నీళ్లు కలిపినవి. పిల్లల ప్లేటులో అవి పెట్టించకండి. నీళ్లు ఇంటి సీసాలోవే ఇవ్వండి. డబ్బులు పట్టుకున్న చెయ్యే వంటని కూడా ముట్టుకుంటోందా, పచ్చి సరుకూ వండినదీ ఒకే బల్ల మీద ఉన్నాయా, ప్లేట్లు ఒకే బకెట్ నీళ్లలో మునిగి లేస్తున్నాయా అని ఓ ఐదు నిమిషాలు దూరంగా నిలబడి గమనించండి. గిరాకీ బాగా ఉన్న బండిలో సరుకు నిలవ ఉండదు, అది మీకు కలిసొచ్చే విషయం.

ఇద్దరిఅమ్మ

చాలా థ్యాంక్స్ అండీ. దూరంగా నిలబడి చూడటం మా వారికి కూడా నచ్చింది. ఈ ఆదివారం వెళ్తున్నాం.

నీలిగొడుగు

మీ అందరికీ కనీసం బండి మిగిలింది. నేను వెళ్లేసరికి ఆ చోట్లో ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఎవరిని అడగాలో కూడా తోచలేదు, అలాగే వెనక్కి వచ్చేశాను.

గరిటెచెయ్యి

తమ్ముడూ, అంత తొందరగా ఆశ వదులుకోకు. బండివాళ్లు ఊరు వదిలి వెళ్లడం తక్కువ, చోటు మారడమే ఎక్కువ. రోడ్డు వెడల్పు చేశారనో, మార్కెట్ తరలించారనో, అద్దె పెంచారనో పక్క వీధికి జరిగి ఉంటారు. కొత్తగా వచ్చిన కొట్టువాణ్ణి అడిగితే ఆయనకేం తెలుస్తుంది? అప్పటినుంచీ అక్కడే ఉన్నవాళ్లని అడుగు. టీ కొట్టువాళ్లు, కూరగాయలు పోసేవాళ్లు, గ్యాస్ సిలిండర్లు వేసేవాళ్లు, మార్కెట్ ఊడ్చే అమ్మలు. సరుకు అప్పు ఇచ్చిన మనిషికి బండి ఎక్కడికెళ్లిందో తప్పకుండా తెలిసి ఉంటుంది. పేరు గుర్తు లేకపోయినా ‘ఈ మూలన ఫలానాది వేసేవారు’ అంటే చాలు. పొద్దున్నే, సరుకు దిగే వేళకి వెళ్లు, అప్పుడైతే నిలబడి మాట్లాడే తీరిక ఉంటుంది.

పాతరుచి అన్నా, నీ రెండో ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. ఆయనతో తప్పకుండా మాట్లాడు, కాకపోతే గిరాకీ ముందు కాదు. జనం పల్చబడ్డాక, తిని డబ్బులిచ్చాక. ‘మునుపటిలా లేదు’ అని మాత్రం అనకు. ఆ మాట నాన్న చాలాసార్లు విన్నారు, ప్రతిసారీ రాత్రి అన్నం సరిగ్గా తినేవారు కాదు. దాంతో చేయగలిగింది కూడా ఏమీ లేదు. ‘ఇదివరకు ఒక వాసన ఉండేది, ఇప్పుడు తెలియడం లేదు, ఏమైనా మార్చారా’ అని అడుగు. అప్పుడు ఆయన ఒక పనివాడిగా జవాబు చెబుతాడు, నిందపడ్డ మనిషిగా కాదు. ఫలానా ఏడాది నుంచి తినేవాణ్ణి అని ముందే చెప్పు. పాత గిరాకీదారు మాటకి మా ఇళ్లలో చాలా విలువ ఉంటుంది.

సందెవేళ

ఇంకో కారణం ఎవరూ ఎత్తలేదు. ఒక బండి వీడియో బాగా తిరిగితే వారం తిరక్కుండా గిరాకీ ఎన్నో రెట్లవుతుంది. మూకుడు అదే, మనిషి అదే. వాయికి పది వేసేచోట ఇరవై వేస్తారు, నూనె చల్లబడుతుంది, పైన గరిటెచెయ్యి గారు చెప్పిందే జరుగుతుంది. నానాల్సిన పిండి నానదు. కొత్త కుర్రాడు పని నేర్చుకునే లోపే గరిటె చేతికొస్తుంది. మెచ్చుకుంటూ తీసిన వీడియో బండిని అలా దెబ్బతీస్తుంది. ఇష్టమైన చోటుని పదిమందికీ చెప్పొద్దనడం నా ఉద్దేశం కాదు, ఆ బండి ఎంత మందికి వండగలదో చూసి చెప్పమంటాను. కనీసం ఆయన్ని అడిగి తీయండి.

పాతరుచి

మీరు చెప్పినట్టే ఆకలి మీద, పాత వేళకి, ఒక్కణ్ణే వెళ్లాను. సగం తేడా అక్కడే పోయింది. పైపొర కరకర, ఉప్పు, పులుపు అన్నీ అప్పటివే. జాలిగుండె గారూ, మీ మాట నిజమే. ముక్కుసూటి గారూ, మీదీ నిజమే, ఆ వాసన మాత్రం ఇప్పటికీ లేదు.

జనం తగ్గాక అడిగాను. ఏ ఏడాది నుంచో చెప్పగానే గరిటె పక్కన పెట్టి నావైపు తిరిగారు. బొగ్గుల పొయ్యి తీసేసి గ్యాస్ పెట్టారట. మార్కెట్లో నిప్పులు వద్దన్నారట. అప్పుడు చివర్లో ప్రతిదాన్నీ ఒక నిమిషం నిప్పుల మీద జాలీ పెట్టి తిప్పేవారు, ఇప్పుడు ఆ పని లేదు. ‘పాతవాళ్లలో నలుగురైదుగురు అడిగారు, కొత్తవాళ్లకి తెలియదు’ అన్నారు. పొగలో నిలబడక తన దగ్గు తగ్గిందని కూడా చెప్పారు. అది విన్నాక ఆ వాసన మళ్లీ కావాలని అడగాలనిపించలేదు. ఇకమీదట ఇప్పుడున్న రుచి కోసమే వెళ్తాను, అది బాగుంది.

నీలిగొడుగు

నాకొక సందేహం. బొగ్గు బాగా అంటుకున్నాక పొగే రాదు కదా, మరి ఆ వాసన ఎక్కడినుంచి వస్తుంది?

వాసనలపుస్తకం

మంచి ప్రశ్న. ఎర్రగా మండే బొగ్గు తనంతట తాను పెద్దగా వాసన ఇవ్వదు. నూనె చుక్కలు నిప్పుల మీద పడి కాలి, ఆ పొగ పైకి లేచి ముక్కకి పట్టుకుంటుంది. కట్టె అయితే వేరు, అందులో గట్టితనాన్నిచ్చే లిగ్నిన్ అనే పదార్థం విరిగి గ్వాయకాల్, సిరింగాల్ అనే పదార్థాలు పుడతాయి, కట్టెల పొగ వాసన ముఖ్యంగా వాటిదే. నిప్పుల సెగకి ముక్క అంచులు ముదురు గోధుమరంగు తిరగడం మూడో సంగతి. దాన్ని 1912లో లూయీ కామిల్ మయార్ వివరించారు, ఆయన పేరుతోనే పిలుస్తారు.

గ్యాస్ మీద మొదటిది రాదు గానీ మూడోది వస్తుంది. పాతరుచి గారూ, ఈసారి వెళ్తే మీ ప్లేటు వరకు చివరి వాయిలో ఇంకాస్త ఎర్రగా వేయించమని అడగండి. ఆయనకి అదనపు పని కాదు, పొగా ఉండదు. మాడనివ్వొద్దని మాత్రం చెప్పండి, మాడితే చేదు వస్తుంది.